నాజో అనా గురించి ఎవరికైనా తెలుసా? (కాందహార్ కవయిత్రి, మీర్‌వైస్ తల్లి)

వేకువచుక్క | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మేం పదిమంది ఆడవాళ్ళం నెలకోసారి ఒకరింట్లో కూర్చుని ఒక కవయిత్రి గురించి మాట్లాడుకుంటాం. మొల్ల, తిమ్మక్క, ముద్దుపళని అయిపోయారు. వచ్చే ఆదివారం నా వంతు. ఈసారి దేశం దాటుదామని నాజో తోఖీని పట్టుకున్నాను. నాకు దొరికింది ఇక్కడ పెడుతున్నాను, తప్పులుంటే దిద్దండి.

1651 ప్రాంతంలో అఫ్గానిస్తాన్‌లోని కాందహార్ వైపు పుట్టింది. తండ్రి సుల్తాన్ మలఖాయ్, పష్తూన్లలో గిల్జీలనే వర్గంలోని తోఖీ తెగకు పెద్ద. ఆ రోజుల్లోనే కూతురికి చదువు చెప్పించాడు. హోతక్ తెగకు చెందిన షాలం ఖాన్‌తో పెళ్ళయింది. 1673లో మీర్‌వైస్ పుట్టాడు. ఆ కొడుకే 1709లో సఫావీ (అప్పట్లో ఇరాన్‌ను ఏలిన వంశం) గవర్నర్‌ని చంపి కాందహార్‌ను ఇరాన్ చేతుల్లోంచి లాగేసుకున్నాడు. అక్కణ్ణుంచి 1738 దాకా హోతక్‌ల ఏలుబడి.

పష్తూ మాటలో "అనా" అంటే అవ్వ, నాయనమ్మ. మీర్‌వైస్‌నేమో "మీర్‌వైస్ నీకా" అంటారు. నీకా అంటే తాత. అంటే తల్లి అందరికీ అవ్వ, కొడుకు అందరికీ తాత! ఈ వరస నాకు భలే నచ్చింది.

ఆమె పేరున నాలుగు పాదాల పద్యం ఒకటి బాగా ప్రచారంలో ఉంది. ఇంగ్లీషులో చదివి నేను ఇలా చేశాను:

వేకువజామున నర్గీసు పువ్వుపై మంచు
దిగులు కంటిలోని నీటిలా జారింది
ఓ సుందరీ, ఎందుకు విలపిస్తున్నావని అడిగాను
నా జీవితం మరీ చిన్నది, ఒక చిరునవ్వంత, అంది

ఎక్కడో అతుకులు కనిపిస్తున్నాయి. సాయం చేయండి.

చరిత్రపిచ్చోడు | రాత్రి 9:40

గిల్జీలు అన్నారు కదా, వీళ్ళూ మన ఓరుగల్లు మీదికి మాలిక్ కాఫుర్‌ని పంపిన ఖిల్జీలూ ఒకటేనా?

దక్కన్ దాదా | రాత్రి 10:05

ఖలజ్ అనే పాత తుర్కు తెగ నుంచి ఈ రెండు పేర్లూ వచ్చాయని చాలామంది చరిత్రకారులు చెప్తారు. ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. గిల్జీలు మాత్రం తమ వంశం గురించి వేరే కథ చెప్పుకుంటారు. బేత్ నీకా అనే మూలపురుషుడి కూతురు బీబీ మతో. ఆమె కడుపున పుట్టినవాళ్ళే గిల్జీలు, లోదీలు. ఢిల్లీ ఏలిన లోదీలు కూడా ఆ లెక్కలోకే వస్తారు. పష్తూన్లలో మిగతా తెగలు తండ్రి పేరు చెప్పుకుంటే వీళ్ళు మాత్రం ఒక ఆడమనిషి నుంచి వంశం లెక్కపెట్టుకుంటారు. కథే అనుకోండి, కానీ నాజో విషయంలో ఇది పనికొస్తుంది.

ఎందుకంటే మీర్‌వైస్ పుట్టిన రాత్రి ఆమెకు కల వచ్చిందంటారు. కలలో కనిపించింది ఈ బేత్ నీకాయే. "ఈ పిల్లాణ్ణి జాగ్రత్తగా పెంచు, పెద్దయ్యాక గొప్ప పనులు చేస్తాడు" అన్నాడట. ఆమె కొడుక్కి ఆ మాట పదేపదే గుర్తు చేస్తూ పెంచింది. తర్వాత తిరుగుబాటు చేసినప్పుడు, అమ్మ అప్పజెప్పిన పని ఇదే అనుకున్నాడట.

పల్నాటి పౌరుషం | రాత్రి 10:20

జిజియాబాయి, శివాజీ గుర్తొస్తున్నారు. కోట కథ కూడా ఉంది కదా, ఎవరూ చెప్పలేదేం?

దక్కన్ దాదా | రాత్రి 10:48

చెప్తున్నా. ఆమె తండ్రి సూర్ ఘర్ దగ్గర జరిగిన పోరులో చనిపోయాడు. సూర్ అంటే ఎరుపు, ఘర్ అంటే కొండ. ఎర్రకొండ అనుకోండి. అన్నదమ్ముడు పగ తీర్చుకోవడానికి మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్తూ ఇల్లూ కోటా నాజో చేతిలో పెట్టాడు. ఆమె కత్తి కట్టుకుని మిగిలినవాళ్ళతో కలిసి కోటను కాపాడింది. ఇదీ కథ. వచ్చేపోయే బాటసారులకు అన్నం పెట్టేదని, వందలమంది ఆమె ఇంట దిగేవాళ్ళని కూడా చెప్పుకుంటారు. నాకు కత్తి కన్నా ఈ అన్నం సంగతే నిజంలా అనిపిస్తుంది. అక్కడ పరువు అనేది విస్తరి దగ్గరే తేలుతుంది.

తాళపత్రం | ఆదివారం, ఉదయం 7:30

పండగ మూడ్ పాడు చేస్తున్నందుకు క్షమించండి. మీరు చెప్పినవన్నీ, కల, కోట, అన్నం, నాలుగు పాదాల పద్యం, దాదాపు ఒకే ఒక్క పుస్తకం నుంచి వచ్చినవి. దాని పేరు పటా ఖజానా. దాచిన నిధి అని అర్థం. మీర్‌వైస్ కొడుకు షా హుసేన్ హోతక్ కొలువులో మొహమ్మద్ హోతక్ అనే ఆయన 1729 ప్రాంతంలో కాందహార్‌లో రాశాడని అందులోనే ఉంది. కానీ 1940ల దాకా ఆ పుస్తకం ఉన్నట్టు లోకానికి తెలియదు. అబ్దుల్ హయ్ హబీబీ అనే అఫ్గాన్ పండితుడు 19వ శతాబ్దపు నకలు ఒకటి దొరికిందని చెప్పి 1944లో కాబూల్‌లో అచ్చువేశాడు.

ఇటలీకి చెందిన లూచియా సెరెనా లోయి 1987లో దాన్ని పరిష్కరించి ప్రచురిస్తూ, ఇది 19వ శతాబ్దం చివర పుట్టించిన పుస్తకం అని తేల్చింది. బ్రిటన్ పండితుడు డేవిడ్ మెకెంజీ ఇంకా ముందుకెళ్ళాడు. పష్తూ రాతను 1936లో ప్రభుత్వం సంస్కరించింది. ఆ సంస్కరణలో వచ్చిన అక్షర రూపాలు ఈ నకలు నిండా ఉన్నాయి. కాబట్టి ఇది బయటపడటానికి కొద్దికాలం ముందే తయారైందని ఆయన వాదన.

మన భాషలో చెప్పాలంటే, మూడొందల ఏళ్ళ నాటి తాటాకు ప్రతి అని తెచ్చి చూపిస్తే, అందులో ఒక్క వలపలగిలక (పాత రాతలో ర్ గుర్తు) కూడా లేకుండా అంతా ఇవాళ్టి ఆరో తరగతి వాచకంలా ఉందనుకోండి. మీరేమంటారు?

పల్నాటి పౌరుషం | ఉదయం 7:52

అంటే ఆమె అసలు లేదంటారా? ఒక జాతి అంతా అమ్మా అని మొక్కే మనిషిని?

తాళపత్రం | ఉదయం 8:10

ఆ మాట నేను అనలేదు. మీర్‌వైస్ ఉన్నాడు, అతనికి తల్లి ఉంది. అందులో గొడవేం లేదు. ఆమె కవయిత్రి అనడానికి, ఆ పద్యం ఆమెదే అనడానికి ఆధారం పల్చగా ఉందంటున్నాను. ఆమె రెండు వేల ద్విపదల సంపుటి రాసిందని ఆ పుస్తకమే అంటుంది. సంపుటి ఏది? మనకున్నది నాలుగు పాదాలు.

కలంకారి | ఉదయం 9:15

నకళ్ళు రాసేవాళ్ళు తమ కాలపు రాతలోకి మార్చేస్తారు కదండీ. బ్రౌన్ దొర పండితుల చేత తిరగరాయించిన తెలుగు ప్రతుల్లో మాత్రం రాత మారలేదా? అంతమాత్రాన అందులోని కావ్యం దొంగదవుతుందా?

తాళపత్రం | ఉదయం 9:31

మంచి ప్రశ్న. నకలు 1940లో రాశాం అని చెప్పుకుని ఉంటే మీ మాట చెల్లేది. 19వ శతాబ్దపు నకలు అని చెప్పుకుంటూ 1936 నాటి అక్షరాలు వాడితేనే చిక్కు.

కలంకారి | ఉదయం 9:40

ఆ దెబ్బ తగిలింది. ఒప్పుకుంటున్నాను.

ఇంగువచారు | ఉదయం 11:25

వంట చేసుకుంటూ ఇదంతా చదివాను. పద్యం నాజో రాసిందా, హబీబీ గారి కాలంలో ఎవరో రాశారా అన్నది పండితుల తగువు, సరే. నా బాధ వేరే. ఆమె పేరు ఎక్కడ చూసినా "మీర్‌వైస్ తల్లి" అనే మొదలవుతుంది. ఈ దారం శీర్షికలో కూడా అంతే! తాళ్ళపాక తిమ్మక్క పేరు చెప్పగానే "అన్నమయ్య భార్య" అంటాం, ఆ తర్వాతే సుభద్రా కల్యాణం గుర్తొస్తుంది. కొడుకు కాందహార్ గెలవకపోతే నాజోని ఎవరు తలుచుకునేవాళ్ళు?

ఇంకో మాట. కొడుకునే తీసుకోండి. గవర్నర్ గుర్గిన్ ఖాన్ అంటే జార్జియా రాజు పదకొండో గియోర్గి. అతను మీర్‌వైస్‌ని అనుమానించి సఫావీల రాజధాని ఇస్ఫహాన్‌కి బందీగా పంపాడు. మీర్‌వైస్ అక్కడ షా మనసు గెలుచుకుని, మక్కా వెళ్ళి, తిరుగుబాటుకు మతపెద్దల ఫత్వా సంపాదించి తిరిగొచ్చాడు. ఎన్నో నెలలు. ఆ నెలలన్నీ ఇంట్లో తల్లి ఏం చేసింది, కోడలేం చేసింది? ఒక్క పుస్తకమూ చెప్పదు. కల గురించి మాత్రం చెప్తాయి. ఆడవాళ్ళకు కలలు, మగవాళ్ళకు పనులు.

అన్నట్టు, ఇవాళ మీ పులిహోరలో పడిన ఇంగువ అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిందే అయ్యుంటుంది. మనం వాడేదాంట్లో చాలా భాగం అక్కడిదే. ఆ దేశంతో మనకేం పని అనేవాళ్ళ కోసం చెప్తున్నాను.

వేకువచుక్క | మధ్యాహ్నం 12:02

శీర్షిక సంగతి నిజమే, సిగ్గుపడ్డాను. ఇప్పుడు మారుద్దామంటే ఎడిట్ బటన్ కనిపించడం లేదు.

చరిత్రపిచ్చోడు | మధ్యాహ్నం 12:30

ఇంకో రాజమాత కూడా ఉంది కదా, జర్గూనా. కోహినూర్ తీసుకెళ్ళినవాడి తల్లి. ఇద్దరూ ఒకటే అనుకున్నాను ఇన్నాళ్ళు.

దక్కన్ దాదా | మధ్యాహ్నం 1:10

చాలామంది కలిపేస్తారు. జర్గూనా అనా అహ్మద్ షా దురానీ తల్లి. అది అబ్దాలీల వంశం, గిల్జీలకు పోటీ. వరస ఇలా గుర్తుపెట్టుకోండి. నాజో మనవడు మహమూద్ 1722లో ఇస్ఫహాన్ తీసుకున్నాడు. తర్వాత నాదిర్ షా లేచి అఫ్గన్లను ఇరాన్ నుంచి తరిమి, 1738లో కాందహార్ కూడా పట్టుకోవడంతో హోతక్‌ల కథ ముగిసింది. మరుసటి ఏడాదే అతను ఢిల్లీ దోచాడు, కోహినూర్ వెళ్ళిపోయింది. 1747లో నాదిర్ హతమయ్యాక అతని దగ్గర పనిచేసిన అహ్మద్ షా కాందహార్‌లో రాజయ్యాడు, వజ్రం అతని ఇంటికి చేరింది. అహ్మద్ షా కూడా పష్తూలో కవిత్వం రాశాడు.

పల్నాటి పౌరుషం | మధ్యాహ్నం 1:22

ఆ వజ్రం మా కొల్లూరుదే అంటారు. ఊరేమో ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. రాయి లండన్‌లో, ఊరు నీళ్ళలో, మేం ఫోరంలో.

మోడరేటర్ | మధ్యాహ్నం 1:25

కోహినూర్‌కి వేరే దారం ఉంది, 43 పేజీలు. దయచేసి అక్కడికి వెళ్ళండి. ఇక్కడ నాజో.

దక్కన్ దాదా | మధ్యాహ్నం 2:00

ఒక్క మాట చెప్పి నాజో దగ్గరికి వస్తా. మహమూద్ 1722 మార్చిలో గుల్నాబాద్ దగ్గర సఫావీ సైన్యాన్ని ఓడించి, ఇస్ఫహాన్‌ని అక్టోబరు దాకా ముట్టడించాడు. లోపల జనం ఆకలితో వేలకు వేలు చచ్చారు. చివరికి షా సుల్తాన్ హుసేన్ తన చేత్తోనే కిరీటం తీసి మహమూద్‌కి ఇచ్చాడు. 1725లో మహమూద్ సఫావీ రాకుమారులను ఊచకోత కోయించాడు. అంతకు ముందు 1717లో సొంత బాబాయి అబ్దుల్ అజీజ్‌ని చంపే గద్దెనెక్కాడు. అవ్వ పేరున మంచు బొట్టు పద్యం, మనవడి పేరున ఇదీ. "జాతి మాత" అని పూలదండ వేసేటప్పుడు ఇస్ఫహాన్ వాళ్ళ వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి.

ఇంగువచారు | మధ్యాహ్నం 2:15

ఆమె 1717లోనే పోయిందంటారు కదా. మీర్‌వైస్ 1715లోనే పోయాడు. కొడుకు చావు చూసి పోయింది. మనవడి పనులు ఆమె ఖాతాలో వేయకండి.

దక్కన్ దాదా | మధ్యాహ్నం 2:18

వేయలేదమ్మా. దండ వేసేవాళ్ళ గురించి అన్నాను.

షార్జా శీను | ఆదివారం, రాత్రి 11:50

అన్నలు, అక్కలు, నేను కామారెడ్డి దిక్కు, ఇప్పుడు షార్జాలో. మా రూమ్‌లో కాందహార్ వైపు పఠాన్ ఒకాయన ఉంటాడు, ట్రైలర్ డ్రైవర్. ఖాన్ భాయ్ అంటాం. ఈ దారం చదివి, నాజో అనా తెలుసా అని హిందీలో అడిగిన. గ్రీన్ టీ కలుపుతున్నోడు గ్లాసు కింద పెట్టి, ఆగకుండా పద్యం మొత్తం చెప్పేసిండు. చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నడట. నేను రికార్డ్ చేసి పాదం పాదం అర్థం అడిగిన. మీరు ఇంగ్లీషు నుంచి చేసిన దాంట్ల ఉన్న కొన్ని ఇందులో లేవు.

మొదటి పాదం: వేకువ. నర్గీసు కన్ను తడిగా ఉంది. పువ్వు మీద మంచు అని కాదు, పువ్వుకే కన్ను.
రెండో పాదం: "త్సాత్స్కీ త్సాత్స్కీ" కంట్లోంచి కారుతోంది. త్సాత్స్కీ అంటే బొట్టు. మనం చుక్క చుక్క అన్నట్టే.
మూడో పాదం: ఏందిది, అందమైన పువ్వా, ఎందుకేడుస్తున్నవ్ అన్న.
నాలుగో పాదం: నా బతుకు "యవా ఖులా ఖందేదా" అంది. యవా అంటే ఒక్క, ఖులా అంటే నోరు, ఖందేదా అంటే నవ్వడం. ఒక్క నోటి నవ్వు. దిగులు, మరీ చిన్నది, ఇవేవీ పద్యంలో లేవు. ఇంగ్లీషాయన కలిపిండు.

పుస్తకం దొంగదట కదా అని కూడా అడిగిన. "మా అమ్మకు చదువు రాదు, ఆమెకూ ఈ పద్యం వచ్చు" అన్నడు. ఆయనకు కోపం రాలేదు గానీ టీ మాత్రం నాకు పోయలేదు.

కలంకారి | సోమవారం, ఉదయం 6:40

శీను గారూ, ఈ దారంలో ఇంతకన్నా పనికొచ్చే పోస్టు లేదు. పారసీ, పష్తూ కవుల లోకంలో నర్గీసు అంటేనే కన్ను. పువ్వు విచ్చుకోవడం అంటే నవ్వడం. నోరు తెరిచి ఒక్కసారి నవ్వితే పువ్వు పూసినట్టు. పూసిందంటే ఇక రాలడమే. ఒక్క నోటి నవ్వు అనే మాటలో ఆ మొత్తం ఉంది. "చిరునవ్వంత" అంటే కొలతలా ఉంది, కాలం పోయింది.

పల్నాటి పౌరుషం | ఉదయం 7:05

నర్గీసుకి తెలుగు పేరు పెట్టలేమా? జనానికి నర్గీస్ అంటే సినిమా తారే గుర్తొస్తుంది.

ఇంగువచారు | ఉదయం 7:20

మన దగ్గర పూయని పువ్వుకు మన పేరెందుకు? లిల్లీ అంటే వేరే పువ్వు. కలువ అంటే అందంగానే ఉంటుంది గానీ చంద్రుడు, చెరువు, ప్రబంధాలు అన్నీ వెంటబడి వస్తాయి. నర్గీసు అనే ఉంచండి. కన్ను అని ఎలాగూ చెప్తున్నారు.

తాళపత్రం | ఉదయం 8:00

ఖాన్ గారి తల్లి మాటకు నా దగ్గర జవాబు లేదు. అయితే ఒకటి. ఆయన బడిలో నేర్చుకున్నాడంటే 1944 తర్వాత అచ్చయిన పుస్తకం పాఠ్యపుస్తకాల్లోకి వెళ్ళి, అక్కణ్ణుంచి ఇళ్ళల్లోకి వచ్చి ఉండవచ్చు. చదువురాని తల్లికి పిల్లలు చదవగా వినే వచ్చి ఉండవచ్చు. నా అనుమానం నాకు అలాగే ఉంది. పద్యం మాత్రం గట్టిది, దాంట్లో అనుమానం లేదు.

వేకువచుక్క | ఉదయం 9:10

పష్తూన్ ఆడవాళ్ళ లండయ్‌ల గురించి కూడా చెప్పాలనుకుంటున్నాను. రెండే పాదాలు. మొదటి పాదంలో 9 అక్షరాలు, రెండో పాదంలో 13. లండయ్ అంటే పొట్టి విషప్పాము అని అర్థమట! ఎవరు కట్టారో పేరుండదు. బావి దగ్గర, పెళ్ళిళ్ళలో పాడుకుంటారు. మొగుడి మీద, యుద్ధం మీద, ప్రేమ మీద, దేన్నీ వదలరు. నాజో పద్యం లండయ్ కాదు, నాలుగు పాదాలది. కానీ పేరు లేని వేలమంది పక్కన పేరున్న ఒక్క ఆమెని పెట్టి చూపిస్తే బాగుంటుందనిపించింది.

ఇంగువచారు | ఉదయం 9:35

తప్పకుండా పెట్టండి. పేరు విషయంలో ఇంకోటి. కాందహార్‌లో జర్గూనా అనా పేరున ఆడపిల్లల హైస్కూల్ ఉంది, కాబూల్‌లో జర్గూనా, మలాలై పేర్లతో ఉన్నాయి. తాలిబన్లు వచ్చిన 2021 నుంచి ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి లేదు. 2022 మార్చిలో తెరుస్తామని చెప్పి, పిల్లలు వచ్చి కూర్చున్నాక ఇంటికి పంపేశారు. అదే ఏడాది డిసెంబరులో ఆడపిల్లలకు యూనివర్సిటీలూ మూశారు. మలఖాయ్ 17వ శతాబ్దంలో కూతురికి చదువు చెప్పించాడని గర్వంగా చెప్పుకునే చోట.

చరిత్రపిచ్చోడు | ఉదయం 9:50

దీనికి మన దేశంలో కూడా...

మోడరేటర్ | ఉదయం 9:52

చరిత్రపిచ్చోడు గారూ, మీ పోస్టులో మిగతా పద్నాలుగు లైన్లు తీసేశాను. కారణం మీకు తెలుసు.

వేకువచుక్క | సోమవారం, రాత్రి 10:30

మళ్ళీ రాశాను. చూడండి.

వేకువ. నర్గీసు కన్ను తడిసి ఉంది
చుక్క చుక్కగా కంటినీరు కారుతోంది
ఏమైందే చక్కని పువ్వా, ఏడుపెందుకన్నాను
నా బతుకంతా ఒక్క నవ్వేగా, అంది

కలంకారి | రాత్రి 10:44

"బతుకంతా ఒక్క నవ్వేగా" అంటే రోజంతా నవ్వుతూ గడిపినట్టుంది. "అంతా" తీసేయండి. నోరు వదలకండి, పద్యం అక్కడే విచ్చుకుంటోంది.

తాళపత్రం | రాత్రి 11:02

"నా బతుకు ఒక్క నోటి నవ్వు, అంది." చాలు.

వేకువచుక్క | రాత్రి 11:05

అదే ఉంచుతున్నాను. ఆదివారం చదివేటప్పుడు ముందు పద్యం, తర్వాత లండయ్‌లు, పుస్తకం మీద తగాదా మొత్తం, ఆ తర్వాత టీ. తల్లి, కొడుకు సంగతులు ఎవరైనా అడిగితేనే.

షార్జా శీను | మంగళవారం, రాత్రి 12:20

అక్కా, మీ తెలుగుది ఖాన్ భాయ్‌కి చదివి వినిపించిన. ఒక్క ముక్క అర్థం కాలేదు. "చుక్క చుక్క" దగ్గర మాత్రం చెయ్యెత్తి ఆపి, మళ్ళీ చెప్పు అన్నడు. మూడుసార్లు చెప్పిన. టీ పోసిండు.